ఫర్నేసులో వేసిన ఫోను

వదిలించుకోవాలనుకున్న వస్తువుని ఉక్కు ప్లాంటుకి పంపించడం మా ఇళ్ళలో అలవాటు. ఈ హిందీ ఊళ్ళో, ప్లాంటు పనివాళ్ళుండే క్యాంప్ 2లో, మా వీధి వీధంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఇంటికొకడైనా ఫర్నేసు దగ్గర పనిచేసేవాడు ఉండేవాడు. పగిలిన దేవుడి పటం, దిష్టి తీసిన నిమ్మకాయ, పోయినవాళ్ళ కళ్ళజోడు, చెడిపోయిన సంబంధం తాలూకు ఫోటోలు, ఇంట్లో ఉంటే అరిష్టమని ఎవరో చెప్పిన బొమ్మ, ఇవన్నీ ఒక గుడ్డసంచిలో వేసుకుని మా నాన్న డ్యూటీకి వెళ్ళేవాడు. "ఆ మంట కాడ దెయ్యమైనా మిగల్దు" అనేవాడు. నాన్న రిటైరయ్యాక అదే పనిలోకి మా అన్నయ్య వెళ్ళాడు. వీధిలోవాళ్ళ సంచులు కూడా అతని దగ్గరికే రావడం మొదలుపెట్టాయి.

కాబట్టి అన్నయ్య తన కూతురి ఫోను ఏం చేశాడో వదిన చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఒళ్ళు మండిందంతే.

పిల్ల తొమ్మిదో తరగతి. ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు కంటే హిందీయే బాగా వస్తుంది. ఇంట్లో నన్ను అత్త అంటుంది, స్నేహితురాళ్ళ ముందు బువా అంటుంది. ఫోనులో ఆడే ఏదో ఆటలో ఒక దీదీ పరిచయమైంది. రాయ్‌పూర్‌లో పన్నెండో తరగతి చదువుతున్నానంది. దీదీ కాదు, దాని పిండాకూడూ కాదు, గడ్డాలూ మీసాలూ వచ్చిన మగవాడు. కొన్ని నెలల పాటు ముద్దుగా మాట్లాడి, ఏడ్చి, అలిగి, చివరికి పిల్ల చేత ఒక ఫోటో పంపించుకున్నాడు. ఏం ఫోటో అని అడగకండి. పసిపిల్ల చేత ఎవడూ పంపించుకోకూడని ఫోటో. ఇంతకంటే ఒక్క ముక్క కూడా నేను రాయను.

తర్వాత ఇంకోటి పంపమన్నాడు, లేకపోతే ఇది అందరికీ పంచుతానన్నాడు. పిల్ల పంపనంది. ఆ వయసులో, ఆ భయంలో, ఒంటరిగా గదిలో కూర్చుని పంపనంది. మా వాళ్ళలో ఒక్కడు కూడా ఆ ధైర్యాన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. వాడు అన్నంత పనీ చేశాడు.

అన్నయ్యకి ఈ సంగతి తెలియజేసింది మా పెద్దాయన. ఆయన ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మా తెలుగువాళ్ళ సంఘానికి పెద్ద. పెళ్ళికి ముహూర్తం దగ్గర నుంచి మొగుడూ పెళ్ళాల తగువు దాకా అన్నీ ఆయన అరుగు మీద తేలవలసిందే. ఎవరి ద్వారానో తన ఫోనులోకి వచ్చిన ఆ ఫోటోని ఆయన మా అన్నయ్యకి పంపాడు. కింద "సూసుకో నాయనా, పరువు జాగ్రత్త" అని రాశాడు. తండ్రికి చెప్పాలంటే మాట చాలదా? ఇంటికొచ్చి కూర్చుని, నాయనా ఇలా జరిగింది అంటే సరిపోదా? పిల్ల ఫోటోని తండ్రి చేతికే పంపాలా?

అన్నయ్య పిల్లని కొట్టలేదు. అది నేను ఒప్పుకుంటాను. చాలాసేపు మంచం మీద కూర్చుని ఏడ్చాడట. తర్వాత లేచి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని దాని ఫోనులో ఉన్న ఖాతాలన్నీ మూయించాడు. ఫోటోలు, మాటలు, నంబర్లు, ఉన్నవన్నీ తుడిపించాడు. తన ఫోనుకి వచ్చినదాన్నీ తుడిచేశాడు. అప్పటికీ తృప్తి కలగక, పొద్దున్నే పిల్ల ఫోనుని గుడ్డసంచిలో వేసుకుని డ్యూటీకి వెళ్ళి, మరుగుతున్న ఉక్కులో వేసేశాడు. సాయంత్రం వదిన గడపకి పసుపు రాసి, పీడ వదిలిందని దీపం పెట్టింది. పిల్లని స్కూలు మాన్పించి, అక్కడ టైఫాయిడ్ అని చెప్పారు.

పీడ వదలడమేమిటి? ఫోను కరిగింది కానీ ఫోటో కరుగుతుందా? వారం తిరక్కుండా ఆ ఫోటో ఇంకో స్కూలు పిల్లల చేతుల్లో తిరుగుతోందని కబురొచ్చింది. అప్పుడు, చేతులు కాలాక, నేను గుర్తొచ్చాను. నేను ఊరికి అటువైపు కోహ్కాలో ఉంటాను, ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. నాకు నోరెక్కువని వదిన అభిప్రాయం. కాబట్టి ఇంట్లో ఏ మంచి జరిగినా ముందు చెబుతారు, ఏ చెడు జరిగినా ఆఖర్న చెబుతారు.

ఆ రోజే అన్నయ్యనీ పిల్లనీ తీసుకుని పోలీసులకి ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళాను. అక్కడ ఉన్న ఆడ ఇన్‌స్పెక్టర్ చాలా మంచిగా మాట్లాడింది. పిల్లని తన పక్కన కూర్చోబెట్టుకుంది. "తుమ్హారీ కోయీ గల్తీ నహీఁ హై, బేటా" అంది. నీ తప్పేమీ లేదు అని ఆ పిల్లతో అన్న మొదటి మనిషి ఆవిడే. మా కుటుంబంలో అంతమందిమి ఉండి, ఆ మాట అనడానికి ఒక పరాయి మనిషి కావలసి వచ్చింది. ఆ తర్వాత ఫోను ఇవ్వమంది.

అన్నయ్య నేల చూపులు చూశాడు. "భట్టీ మే డాల్ దియా, మేడమ్" అన్నాడు, ఫర్నేసులో వేసేశానని.

ఆవిడకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పెన్ను బల్ల మీద పెట్టేసింది. "భాయీసాబ్, ఆప్‌నే తో సబూత్ హీ గలా దియా" అంది. సాక్ష్యాన్నే కరిగించేశారు కదయ్యా అని. సరే, మీకు ఈ ఫోటో ఎవరు పంపారు, వాళ్ళ పేరు చెప్పండి, అక్కడి నుంచి వెనక్కి వెతుక్కుంటూ వెళతాం అంది. ఇలాంటిది ఫోనులో ఉంచుకోవడమూ నేరమే, ఇంకొకరికి పంపడమూ నేరమే అని కూడా చెప్పింది. అన్నయ్య "యాద్ నహీఁ, మేడమ్" అన్నాడు. నేను తలెత్తి చూశాను. పిల్ల కూడా చూసింది. అన్నయ్యకి ఆ పెద్దాయన పేరు గుర్తులేదట! పిల్ల బారసాలకి ఉయ్యాల ఊపిన మనిషి పేరు గుర్తులేదట!

బయటికొచ్చాక కడిగేశాను. "ఏటి సెయ్యమంటావు సెల్లీ, పెద్దాయన పేరు సెప్తే రేపు మన గడప తొక్కుతారా ఆలు?" అన్నాడు.

"తొక్కకపోతే మరీ మంచిది. గడపైనా శుభ్రంగా ఉంటాది" అన్నాను.

పోలీసుల పని పోలీసులు చేస్తారు, ఈలోగా ఆ ఫోటో ఇంకా పాకకుండా ఆపే దారి ఒకటుందని నాకు తెలుసు. మా స్కూల్లో పిల్లల జాగ్రత్తల గురించి చెప్పినప్పుడు నేనే దాని గురించి ఒక పాఠం తయారు చేశాను. ఇంటికెళ్ళాక అన్నయ్యకి అర్థమయ్యేలా చెప్పాలని, అతనికి తెలిసిన పనిలోంచే మొదలుపెట్టాను.

"ఎక్కడో రైలుపట్టా విరిగిందనుకో. ఆ ఉక్కు ఏ రోజు పోసిందో మీకెలా తెలుస్తాది?"

"పట్టా మీద హీట్ నంబరుంటాది గదా. అది సూసి సెప్పీగలం."

"ఫోటోకీ అలాటి నంబరొకటి తీయొచ్చు. పైనుంచి కొట్టేది కాదు. ఆ ఫోటోలో వెలుగూ నీడా ఎక్కడెక్కడున్నాయో లెక్కకట్టి కంప్యూటరే తీస్తాది. మనిషికి వేలిముద్ర ఉన్నట్టే. ఫోటోని కాస్త చిన్నది చేసినా, రంగు మార్చినా పట్టీసుకుంటాది."

"ఆ నంబరుతో ఎవులైనా ఫోటో సూసీగల్రా?"

"చూడలేరు. నంబరులోంచి బొమ్మ తిరిగి రాదు. పిల్లే మనింట్లో కూకుని, తన చేత్తోనే తీసుకోవచ్చు. ఫోటో ఇల్లు దాటదు, నంబరొక్కటే వెళ్తాది. పెద్ద పెద్ద సైట్లవాళ్ళు ఆ నంబరు దగ్గరుంచుకుంటారు. ఎవడైనా ఆ ఫోటో ఎక్కించబోతే నంబరు కలుస్తాది, అక్కడే ఆపేస్తారు."

అన్నయ్య ముఖం వెలిగింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నిటారుగా కూర్చున్నాడు. "అయితే ఇంకేటి సెల్లీ, ఇప్పుడే సేసీ. కంప్యూటరు తెచ్చినావు గదా?"

"తెచ్చాను. ఫోటో ఏదీ?"

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. నంబరు తీయాలంటే ఫోటో ఉండాలి. ఊళ్ళో ఎవరెవరి దగ్గరో ఉన్న ఆ ఫోటో, దాన్ని ఆపవలసిన మా ఒక్కరి దగ్గరే లేదు. పిల్ల తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది. "పాపా, ఆప్‌నే క్యూఁ జలాయా?" అంది మెల్లగా. ఎందుకు కాల్చావు నాన్నా అన్న ఆ ప్రశ్నకి అన్నయ్య ఇవ్వగలిగిన జవాబు ఏముంటుంది? మా నాన్న కాలం నుంచి కాలుస్తున్నాం, అందుకే కాల్చాను అనాలి.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి, నంబరు సంగతి చెప్పి, ఫోటో ఎలా సంపాదించాలని అడిగాను. మీరు వీధిలో తిరిగి ఆ ఫోటోలు పోగుచేయకండి, మీ ఫోనులో ఉన్నా తప్పే అంది. ఎక్కడైనా కనిపిస్తే పిల్ల చేతే నంబరు తీయించి, ఆ ఫోను ఉన్నదున్నట్టు తమకి తెచ్చి ఇమ్మంది. నేను పోగుచేయడానికి వెళ్ళలేదు. పెద్దాయన ఇంటికి మాత్రం వెళ్ళాను. నా ఫోనుకి పంపమని కాదు, పోలీసుల దగ్గరికి వచ్చి ఆయన ఫోను చూపించమని అడగడానికి.

అరుగు మీద కుర్చీ వేయించారు, టీ ఇచ్చారు. పెద్దాయన భార్యని నేను పిన్ని అంటాను. ఆవిడ నా పక్కన కూర్చుని పిల్ల గురించి "అయ్యో, గుంట సిక్కిపోనాదంట గదమ్మా" అని జాలిపడింది. నేను వచ్చిన పని చెప్పాను. పెద్దాయన రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఒలమ్మో, నా కాడేటమ్మా ఉంటాది? నాను అప్పుడే తీసీసినాను. సింహాద్రప్పన్న సాచ్చి!"

"తీసేసినా పరవాలేదు బాబాయ్. మీకు ఎవరు పంపారో అదైనా పోలీసులకి చెప్పండి."

"ఎవులు పంపినారో నానేటి గేపకం ఎట్టుకున్నానా? ఈ వొయిసులో పోలీసు టేసను గుమ్మం నానెక్కాలా? నీకు సదువెక్కువైపోయి మతి పోనాది తల్లీ. ఆడపిల్ల ఇసయం, గుట్టుగా ఒగ్గీండి. లోకం నాల్రోజులు అనుకుంటాది, మర్సిపోతాది."

"అనుకునేది లోకం కాదు బాబాయ్, ఈ అరుగు" అన్నాను. టీ తాగకుండా లేచొచ్చాను. మర్నాటికల్లా వీధంతా నాకు తల పొగరని తేల్చేసింది. తేల్చనీ.

పిల్లని కోహ్కా తెచ్చేసుకున్నాను. బయటికి రానంటే రానంది. పాల దుకాణానికి వెళ్ళమన్నా దుపట్టా ముఖం చుట్టూ చుట్టుకుని వెళ్ళేది. ఎదురొచ్చిన ప్రతివాడూ చూశాడేమో, చూడలేదేమో, చూసి గుర్తుపట్టాడేమో అని వాళ్ళ కళ్ళు వెతికేది. నేను స్కూలు నుంచి రాగానే చదువు గురించి కాదు, అన్నం గురించి కాదు, ఒకటే మాట అడిగేది. "మిలా క్యా, అత్తా?" దొరికిందా అని. లోకంలో ఏ ఆడపిల్లైనా అలాంటి ఫోటో ఎక్కడా దొరక్కూడదని మొక్కుకుంటుంది. మా పిల్ల దొరకాలని ఎదురుచూసింది. ఆ నంబరు పడితే తను మళ్ళీ స్కూలుకి వెళ్ళవచ్చని దాని ఆశ. ఆ ఆశ పెట్టింది నేనే కాబట్టి, లేదమ్మా అన్నప్పుడల్లా నా నోరు చేదయ్యేది.

కార్తీకమాసం వచ్చింది. ఒక ఆదివారం అన్నయ్యకి సెలవు కాబట్టి పిల్లని తీసుకుని భోజనానికి వెళ్ళాను. వదిన చేపల పులుసు జోలికి పోకుండా పప్పూ కందబచ్చలీ చేసింది. తిని చేతులు కడుక్కుంటున్నాం. వదిన ఫోనులో మా సంఘం ఆడవాళ్ళ గ్రూపు ఒకటుంది, వనభోజనాలకి ఎవరేం వండాలో మాట్లాడుకునే గ్రూపు. పొద్దుట్నుంచీ అందులో పులిహోర నువ్వు తే, గారెలు నేను తెస్తా అని నడుస్తోంది. వదిన ఫోను చేతిలోకి తీసుకుని ఒక్కసారిగా కెవ్వుమంది.

ఆ ఫోటో వచ్చింది. కింద రాసి ఉంది: "ఆడపిల్లలకు ఫోన్లు ఇస్తే ఇదే గతి. తల్లులందరూ తప్పక చూడండి, పదిమందికీ పంపండి." చివర రెండు చేతులూ జోడించిన దణ్ణం బొమ్మలు. పైన చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని గుర్తు. పంపింది పెద్దాయన భార్య. నా పక్కన కూర్చుని జాలిపడిన పిన్ని. అది వాళ్ళాయన ఫోనులోంచే వచ్చిందో, ఎన్ని గ్రూపులు తిరిగి ఆవిడ దగ్గరికి వచ్చిందో నాకు తెలియదు. అప్పన్నకి తెలియాలి. ఫోటోలో ఉన్నది ఎవరో ఆవిడకి తెలుసు, ఆ గ్రూపులో తల్లి ఉందనీ తెలుసు. నీతి చెప్పాలన్న ఆత్రం ముందు ఇవన్నీ ఏపాటి?

వదిన వేలు తుడిచేసే గుర్తు మీదకి వెళ్ళింది. మా వాళ్ళందరి వేళ్ళూ ముందు అక్కడికే వెళతాయి.

"మమ్మీ! డిలీట్ మత్ కర్‌నా!"

తుడవొద్దని అరుస్తూ పిల్ల ఒక్క ఉదుటున వచ్చి ఫోను లాక్కుంది. గుండెకి ఆనించుకుని నా వైపు తిరిగింది. ఆ ముఖం నేను చచ్చేదాకా మర్చిపోను. పరీక్ష రోజు పోయిన హాల్ టికెట్ దొరికిన పిల్ల ముఖం అది. "మిల్ గయా, అత్తా! దొరికేసింది!"

నవ్వుతోంది. తన ఫోటో ఊరి ఆడవాళ్ళ మధ్యలోకి వచ్చినందుకు ఆ పిల్ల నవ్వవలసి వచ్చింది. మనందరి ముఖాలూ తగలెయ్యా, మనం పెంచిన తీరు అది.

ఆ ఫోనులోనే నంబరు తీసే సైటు పేజీ తెరిచి ఇచ్చాను. పద్దెనిమిదేళ్ళ లోపేనా అని అడిగింది, పిల్ల అవునని నొక్కింది. ఏ ఫోటో అని అడిగినప్పుడు నేను ముఖం తిప్పుకున్నాను. వదిన గోడ వైపు తిరిగి నిలబడింది. పిల్ల ఎవరి సాయమూ లేకుండా తనే ఎంచుకుంది. కాసేపటికి అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరస ఒకటి వచ్చింది.

"బస్? ఇత్‌నా హీ?" అంది. ఇంతేనా అని.

"ఇంతే."

పంపించమని నొక్కింది. ఊపిరి వదిలి, ఫోనుని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అడగవలసిన ప్రశ్న అడగనే అడిగింది. "అత్తా, ఇప్పుడు ఈ గ్రూపులో కూడా ఆగిపోతాదా?"

పాఠం చెప్పేదాన్ని కదా, అబద్ధం చెప్పలేను. "లేదమ్మా. ఆ నంబరు తీసుకోవడానికి ఒప్పుకున్న సైట్లలో అయితే, ఎవడైనా అందరికీ కనిపించేలా పెట్టబోతే ఆగుతాది. ఇలాటి సొంత గ్రూపుల్లో ఒకరికొకరు పంపుకునేదాన్ని ఎవరూ తెరిచి చూడరు. ఇక్కడ ఆగదు. ఇక్కడ ఆపాలంటే పంపినవాళ్ళని ఆపాలి."

పిల్ల ఫోనుని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "అయితే ఈ ఫోన్ మేడమ్‌కి ఇచ్చేద్దాం. ఎవరు పంపారో ఉంది కదా. యే తో సబూత్ హై."

అప్పటిదాకా వాకిట్లో నిలబడ్డ అన్నయ్య లోపలికి వచ్చాడు. "ఒద్దమ్మా" అన్నాడు. నా వైపు తిరిగాడు. "నంబరు ఎల్లిపోనాది గదా సెల్లీ, సాలు. ఆ ముసల్దానికేటి తెలుసు? పోలీసులు ఆలింటికెల్తే మన వొల్లందరూ మనల్నే అంటారు. రేపు పిల్ల పెల్లికి ఎవులొత్తారు? ఆ దొంగనాకొడుకుని పట్టుకోమను, ఆడు పరాయోడు, ఉరెయ్యమను. మనోల్ల మీద మనం కేసెట్టుకుంటామేటి?"

"మనోళ్ళా?" అని నేను నోరు తెరిచాను. నాకంటే ముందు పిల్లే మాట్లాడింది. అరవలేదు. లెక్కలో తప్పు చూపిస్తున్నట్టు చెప్పింది.

"పాపా, పరాయివాడు ఒక్కడే. బాకీ సబ్ మనవాళ్ళే." మిగతా అందరూ అని.

వదిన స్టవ్ ఆపి, చెప్పులు వేసుకుని, తాళంచెవి తీసింది. మేం ముగ్గురం ఆటో ఎక్కి స్టేషన్‌కి వెళ్ళాం. అన్నయ్య రాలేదు, డ్యూటీ ఉందన్నాడు. ఆదివారం వాళ్ళ నాన్నకి సెలవని పిల్లకి తెలుసు. దారిలో ఆ ఊసు ఎత్తలేదు.